తూర్పు గట్టు దాటని వెలుతురు

నలభై వాట్ల బల్బుకు నీతి లేదు.

ఈ సత్యాన్ని లోకం ఇంతకాలం ఎందుకు గుర్తించలేదో ఊహకు అందదు. తనను కొన్నవారెవరు, బిల్లు కట్టేవారెవరు అన్న విచక్షణ బొత్తిగా లేకుండా, అది నాలుగు దిక్కులా ఒకే తీరుగా వెలుగుతుంది. యజమాని మొక్క మీద ఎంత ఆప్యాయంగా పడుతుందో పక్కవాడి మొక్క మీదా అంతే ఆప్యాయంగా పడుతుంది. గట్టు అంటే దానికి లెక్కలేదు. సర్వే రాయి అంటే గౌరవం లేదు. రెండువేల ఎనిమిదో సంవత్సరం వానకాలంలో ఈ సృష్టిలోపాన్ని కనిపెట్టి, దాన్ని సరిదిద్దే భారాన్ని మానవజాతి తరఫున తమ భుజాన వేసుకున్నవారు కడియపులంక నర్సరీ యజమాని జగన్నాథరావుగారు.

కడియం తోటల సంగతి ఎరగనివారికి ఇక్కడ ఒక ముక్క చెప్పవలసి ఉన్నది. చామంతి చీకటిని నమ్ముకున్న మొక్క. రాత్రులు పొడుగవుతున్నాయని పసిగట్టగానే మొగ్గ తొడుగుతుంది. రైతుకు ఆ తొందర పనికిరాదు. నగరాలలో కుండీ చామంతికి గిరాకీ జనవరి ఒకటో తారీఖున. ఆ ఉదయం విచ్చుకుని కనిపించిన పువ్వుకే మర్యాద, నెల ముందు విచ్చుకున్నది దిబ్బ పాలు. అందుచేత వానలు తగ్గుముఖం పట్టినప్పటి నుంచి మడుల మీద తీగలు లాగి, బల్బులు వేలాడదీసి, పొద్దుగూకిన తరువాత వెలిగించి, ఇంకా పగలే ఉన్నదని మొక్కతో అబద్ధమాడతారు. మొక్క నమ్ముతుంది. మొగ్గ మాట మరచి ఎదుగుతూ కూర్చుంటుంది. తగిన సమయం చూసి దీపాలు ఆర్పేస్తే, కొత్త సంవత్సరానికి సరిగ్గా పూస్తుంది.

జగన్నాథరావుగారి తోటలో మడుల పని, కూలీల పని, బేరాల పని చూసేది ఆయన భార్య శ్యామలాంబ. జగన్నాథరావుగారు తోట గౌరవాన్ని చూసుకునేవారు. ఆ ఏడు శ్యామలాంబ హైదరాబాదు వ్యాపారి ఒకరికి, తోటలోని చామంతి యావత్తూ జనవరి ఒకటికి అందేట్టు పంపుతానని మాట ఇచ్చింది. కొత్త బేరం, పెద్ద బేరం. మాట నిలబడితే ఏటా ఆ లారీ తమ గేటు ముందు ఆగుతుంది. తప్పితే మరి ఆగదు. కనుక ఆమెకు కావలసింది ఒక్కటే: మొగ్గ ఆగాలి.

జగన్నాథరావుగారికి కావలసింది వేరు.

తూర్పు గట్టుకు ఆవలి తోట ఆయన చిన్నాన్న కొడుకు దొరబాబుది. చాలా ఏళ్ల కిందట దొరబాబు తన విజిటింగు కార్డు మీద ‘కడియం సీమలో తొలి నర్సరీ’ అని అచ్చు వేయించుకున్నాడు. ఆ బిరుదు తమదని జగన్నాథరావుగారి వాదం. ఈ నేల మీద మొట్టమొదట గులాబీకి అంటు కట్టినవారు తమ తాతగారని ఆయన అన్నారు. కాదు, తమ తాతగారేనని దొరబాబు అన్నాడు. ఇద్దరి తాతగారూ ఒక్కరే కావడం వల్ల తగవు తీరే మార్గం లేకపోయింది. జగన్నాథరావుగారు స్నానం చేసి, పట్టుపంచె కట్టి, ద్రాక్షారామం వెళ్లి, ఇకమీదట వాడి ముఖమూ వాడి మొక్కా చూడనని భీమేశ్వరస్వామి ఎదుట ప్రమాణం చేసి వచ్చారు.

ప్రమాణాలు చేసేవారు లోకంలో కొల్లలు. వాటిని పరికరాలతో సహా అమలుపరచేవారు అరుదు. ఆనాటి నుంచి జగన్నాథరావుగారు తోటలో అడుగుపెట్టినప్పుడల్లా చేతిలో నల్ల గొడుగు ఉండేది. అది ఎప్పుడూ తూర్పుకే వాలి ఉండేది. ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచేటప్పుడు ఎడమ చేత, తిరిగి వచ్చేటప్పుడు కుడి చేత. సాయంకాలపు ఎండ పడమటి నుంచి ముఖాన కొట్టినా, వాన పడమటి నుంచి చొక్కా తడిపినా, గొడుగు మాత్రం తన ధర్మం తప్పేది కాదు. తోట ఆవరణలో దొరబాబు పేరు నిషిద్ధం. ‘అవతల’ అన్న మాట కూడా నిషిద్ధమే. ఆ దిక్కు కబురు మోసుకువచ్చిన కూలీ ఆ పూటకు ఇంటికి పోవలసిందే. ఈ కట్టుదిట్టాల ఫలితంగా ఆయన, తన పొలం హద్దుకు రెండు గజాల ఆవల ఏమి జరుగుతున్నదో తెలియని అపూర్వమైన ప్రశాంతతను సాధించారు.

ఆ ప్రశాంతతను చెడగొట్టింది రావులపాలెంలో ఒక పెళ్లి భోజనం. ఒకే పంక్తికి ఆ కొసన దొరబాబు, ఈ కొసన జగన్నాథరావుగారు పడ్డారు. గొడుగు చెప్పుల దగ్గర ఉండిపోయింది గనుక ఆయన ఎడమ చెంపకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని భోంచేస్తున్నారు. దొరబాబు తన పక్కవారితో, కాని పంక్తి పొడుగునా వినపడేట్టు ఇలా అన్నాడు:

“కిందటేడు గట్టు వారన నాలుగు వరసలకు మేం బల్బులే కట్టలేదండి. మా అన్నయ్యగారి వెలుతురే సరిపోయింది. బిల్లు కూడా వారే కట్టుకున్నారు. మా వంశంలో దానగుణం ఎక్కువండి.”

పంక్తి నవ్వింది. జగన్నాథరావుగారు పెరుగు వడ్డించక ముందే లేచి చెయ్యి కడుక్కున్నారు. పెళ్లివారు తమ వల్ల ఏమి లోపం జరిగిందోనని కంగారుపడి కారు దాకా వెంబడించారు. లోపం పెళ్లివారిది కాదనీ, కాంతిదనీ ఆయన వారికి గంభీరంగా తెలియజేసి వెళ్లిపోయారు.

మర్నాడే ఆయన రాజమండ్రి వెళ్లి విష్ణు దుకాణం మెట్లెక్కారు. విష్ణు ఇంజనీరింగు చదివినవాడు. ఆ పట్టాను పటం కట్టించి గోడకు తగిలించి, దాని కింద కొత్తరకం ఎల్‌ఈడీ దీపాలు అమ్ముతున్నాడు. కరెంటు ఎంత ఆదా అవుతుందో చెప్పే ఉపన్యాసం అతనికి కంఠతా వచ్చు. ఆ ఉపన్యాసాన్ని జగన్నాథరావుగారు మొదటి వాక్యం దగ్గరే ఆపేశారు. కరెంటు ఎంత కాలినా తనకు అభ్యంతరం లేదనీ, తన వెలుతురు తన మొక్క మీదే పడాలనీ, గట్టు దాటకూడదనీ సెలవిచ్చారు.

విష్ణు ఆయనను లోపలి గదిలోకి తీసుకువెళ్లి తలుపు వేశాడు. ఒక అల్యూమినియం రేకు మీద కొర్రగింజల్లా అంటించిన ఎల్‌ఈడీలను వెలిగించాడు. గది నాలుగు గోడలూ తెల్లబడ్డాయి. అప్పుడు అరచేతి వెడల్పున ఉన్న ఒక పారదర్శకమైన పలకను తీశాడు. దాని నిండా కందిబద్దంత కటకాలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కొక్క గింజ నెత్తిన ఒక్కొక్క కటకం కూర్చునేట్టు పలకను రేకుకు బిగించాడు. గోడలు మాయమయ్యాయి. గదిలోని వెలుతురంతా వచ్చి నేల మీద ఒక వలయంలో అణగి కూర్చుంది.

పక్కలకు పారిపోయే కిరణాలను ఈ చిన్న కటకాలు వంచి తిన్నగా కిందికి పంపుతాయని విష్ణు వివరించాడు. ఇదే పని ఒక్క కటకంతో చెయ్యాలంటే అది గుండిగంత కావాలట. చిన్నవాటిని బారుగా పేరిస్తే వేలెడు మందంలో సరిపోతుందట. జగన్నాథరావుగారు విన్నారో లేదో చెప్పలేము. ఆయన వలయంలోకి చెయ్యి పెట్టి చూశారు, చెయ్యి వెలిగింది. జానెడు పక్కకు జరిపారు, చెయ్యి చీకటిలో కలిసిపోయింది. లోపలికి, బయటికి, మళ్లీ లోపలికి. జీవితంలో తన ఆజ్ఞకు బద్ధమైన పదార్థాన్ని ఆయన చూడడం అదే మొదలు. ఆయన కళ్లు చెమర్చాయి.

విష్ణు దగ్గర పలకలు మూడు రకాలు ఉన్నాయి. అరవై డిగ్రీలది వేస్తే వెలుతురు బాగా విచ్చుకుంటుంది. ఒక దీపపు వలయం పక్కదాని వలయంతో కలిసి మడి అంతా నిండుతుంది. ముప్ఫైది దానికన్నా సన్నం. పదిది నగల దుకాణాలలో ఒక్క హారం మీద, పూజామందిరంలో ఒక్క విగ్రహం మీద వెలుతురు కుమ్మరించడానికి చేసినది. తోటలకు అరవైదే తగినదని అతను చెప్పాడు.

“అరవై గట్టు దాటుతుందా?” అని జగన్నాథరావుగారు అడిగారు.

“చివరి వరసలోది కొంచెం దాటుతుంది సార్. ఆ ఒక్క వరసకి పదిది వేసుకుని మిగతా తోటంతా అరవై వేసుకోవచ్చండి.”

“ఒకే ఇంట్లో ఒక పిల్లాడికి ఒక నీతి, ఇంకొకడికి ఒక నీతా? ఆ అరవై చూసి ఈ పది కూడా చెడిపోతుందయ్యా. తోటంతా పదే వెయ్యి.”

“పది వేస్తే వలయం చాటంతే పడుతుందండి. మధ్యలో చీకటి ఉండిపోతుంది. దీపాలు చాలా ఎక్కువ కావాలి.”

“బల్బులెన్నో దీపాలూ అన్నే.”

విష్ణు ఒక్క క్షణం ఆలోచించాడు. ఒకవైపు గోడ మీద చదువు ఉన్నది. మరొకవైపు అరలలో, నగల దుకాణాలవారు కాదన్నందువల్ల ఏడాదిగా కదలకుండా దుమ్ము పట్టిన పది డిగ్రీల పలకలు ఉన్నాయి. చదువు ఓడిపోయింది.

“మీ ఆలోచనే కరెక్టు సార్” అన్నాడు.

పాత బల్బులను జగన్నాథరావుగారు పాతసామాన్లవాడికి అప్పగించారు. కొత్త దీపాలను వెదురు గుంజల మీది తీగలకు వేలాడదీశారు. మొదటి సాయంకాలం పురోహితుడు కొబ్బరికాయ కొట్టి, ప్రతి దీపానికీ గంధం బొట్టు పెట్టబోగా, కటకం మీద బొట్టు పెడితే వెలుతురు దారి తప్పుతుందని విష్ణు అడ్డుకున్నాడు. వెనక రేకు మీద పెట్టించారు. మీట నొక్కారు. నేల మీద చాటంత వలయాలు బారులు బారులుగా పడ్డాయి. ఒక్కొక్క వలయంలో మూడు నాలుగు కుండీలు ధగధగలాడాయి. చుట్టూ ఉన్న కుండీలు చీకటిలో ఉన్నాయి.

శ్యామలాంబ వరసల మధ్య నడిచి చూసి వచ్చింది.

“ఏమండీ, వలయంలో నాలుగే ఉన్నాయి. మధ్యలో ఉన్నవాటి సంగతేంటి?”

“వెలుతురు కావలసినవి వచ్చి వలయంలో నిలబడాలి.”

“కుండీలకు కాళ్లున్నాయా అండీ?”

“నీకు కుండీలు కనబడుతున్నాయి శ్యామలా. నాకు గట్టు కనబడుతోంది. చూడు, ఎంత నల్లగా ఉందో.”

గుంజలు ఎత్తు చేస్తే వలయం పెద్దదవుతుందేమోనని ఆమె అడిగింది. ఎత్తు చేస్తే దీపం గట్టు మీదుగా కనబడుతుందనీ, పరాయివాడికి దీపం కనబడడం కూడా దానం కిందికే వస్తుందనీ ఆయన తేల్చారు. మధ్య మధ్య పాతరకం బల్బులు మళ్లీ కొని కట్టుకుంటానని బతిమాలింది. నీతిలేనివాటిని మళ్లీ గడప తొక్కనివ్వనన్నారు. ఆమె చివరికి ఉన్నమాట చెప్పింది.

“హైదరాబాదాయనకు మాటిచ్చానండీ. మొగ్గ ఆగకపోతే రేపు ఏ ముఖంతో ఫోనెత్తను? అసలు అవతల...”

జగన్నాథరావుగారు చెయ్యి ఎత్తారు. నిషేధం ఇల్లాలికి కూడా వర్తిస్తుందని ఆ చెయ్యి తెలియజేసింది. శ్యామలాంబ ఆగిపోయింది. అడిగినప్పుడు చెప్పవచ్చునని ఊరుకుంది. ఆయన అడగలేదు.

ఇక మిగిలింది పరీక్ష. తాను ఆ దిక్కు చూడరాదు గనుక, వెలుతురు కొలిచే మీటరు ఇచ్చి విష్ణును గట్టు దాటించారు. గొడుగు చాటున నిలబడి ఉత్తరపు మూల నుంచి దక్షిణపు మూల దాకా అతన్ని నడిపించారు. మొక్కలతో విష్ణుకు ఉన్న పరిచయం క్యాలెండరు బొమ్మల ద్వారా ఏర్పడినది. అతను తలవంచి మీటరునే చూస్తూ నడిచాడు.

“ఎంత?”

“సున్నా సార్.”

“అక్కడ?”

“ఇక్కడా సున్నానే.”

రాజ్యాలు గెలిచినవారికి కూడా ఇంత తీయని మాట ఎవరూ చెప్పి ఉండరు. ఆయన మరికాస్త ముందుకు నడిపించి మళ్లీ అడిగారు. విష్ణు మళ్లీ అదే చెప్పాడు. ఆ రాత్రి విష్ణుకు శాలువా కప్పి, కుంకుమ బొట్టు పెట్టి, పనసపొట్టు కూరతో భోజనం పెట్టి పంపించారు. విష్ణు శాలువా మడిచి సంచిలో పెట్టుకుంటూ, లోకంలో ఇటువంటి అన్నదమ్ములు ఇంకెందరున్నారో వాకబు చెయ్యాలని నిశ్చయించుకున్నాడు.

కార్తీకమాసం వచ్చింది. వలయాలలో ఉన్న మొక్కలు యజమాని మాట నమ్మి పచ్చగా కూర్చున్నాయి. వలయాల మధ్య ఉన్నవాటికి ఎవరూ ఏ అబద్ధమూ చెప్పలేదు గనుక అవి తమ మానాన మొగ్గ తొడిగి, నెల తిరగకుండానే విరగబూశాయి. తోటంతా పసుపుపచ్చని పరుపు. దాని మీద చాటంత ఆకుపచ్చని చిల్లులు. దూరం నుంచి చూస్తే మడులకు మశూచి వచ్చినట్టున్నది.

శ్యామలాంబ ఫోను తానే చేసింది. ఒక్క లారీలో మూడోవంతు కూడా నిండదని వ్యాపారికి చెప్పింది. అతను ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. పరవాలేదమ్మా అన్నాడు. ఆ మర్యాదలోనే ఆమెకు మరుసటి ఏటి సంగతి కూడా తెలిసిపోయింది. పూసినవాటిని కోయించి శివాలయాల ముందు పూలమ్మేవారికి తూకానికి ఇచ్చింది; వాడినవాటిని కుండీలతో సహా దిబ్బ మీద పోయించింది. ఆ పనులు జరిగిన రోజులలో ఇంట్లో వంట మాత్రం సక్రమంగా జరిగింది, మాట జరగలేదు.

జగన్నాథరావుగారు ఆ నిశ్శబ్దాన్ని గమనించలేదు. ఆయన తర్కంలో మునిగి ఉన్నారు. తన తోటలోనే, వెలుతురు పడని జానెడు చోట మొక్క ఇంత తొందరగా పూసిందంటే, వెలుతురు సున్నా అయిన చోట, గట్టు వారన, నాలుగు వరసలకు నాలుగు వరసలూ ఏ గతి పట్టి ఉంటాయి? తన నష్టాన్ని కొలబద్దగా చేసి శత్రునష్టాన్ని లెక్కగట్టే ఈ పద్ధతిని ఆయన శాస్త్రీయ నిరూపణ అని పిలిచారు. తన మడులలో ఎంత ఎక్కువ పూస్తే అంత ఎక్కువ సంతోషించారు.

డిసెంబరులో నర్సరీ రైతుల సంఘం సమావేశం జరిగింది. అధ్యక్షులు వెంకటరాజుగారు మెత్తనివారు, మాట్లాడతానన్నవారిని కాదనలేరు. జగన్నాథరావుగారు వేదిక ఎక్కారు. సభలో దొరబాబు కుడివైపు వరసలో ఉన్నాడని తెలిసినందువల్ల, ఆ వైపు గొడుగు విప్పి, దాని కాడను మైకు కర్రకు తాడుతో కట్టించి, ఎడమవైపు సభికులను మాత్రమే సంబోధిస్తూ ఉపన్యసించారు. అగ్నికి హోమగుండం, గోదావరికి బ్యారేజీ, కాంతికి కటకం అన్నారు. హద్దు లేని ఔదార్యం ఔదార్యం కాదనీ, అది కారిపోవడమనీ అన్నారు. గట్టు అవతల సున్నా అని శాస్త్రం తేల్చిన ఘట్టాన్ని రెండుసార్లు వర్ణించారు. మీ చామంతి కూడా చాలావరకు ముందే పూసిందట కదండీ అని ఎవరో అడిగితే, యుద్ధమన్నాక ఇరువైపులా నష్టాలుంటాయనీ, ఎవరికి ఎక్కువ అన్నదే చరిత్ర అడుగుతుందనీ జవాబిచ్చారు. వెనక వరసలో కూర్చున్న శ్యామలాంబ తన గాజులు సర్దుకుంది.

అప్పుడాయన చరిత్ర తరఫున తానే అడిగారు.

“అధ్యక్షా, కిందటేడు నా వెలుతురు తిని, దాన్ని పంక్తిలో చెప్పుకుని మురిసిన పెద్దమనిషి ఒకరు సభలో ఉన్నారని విన్నాను. ఈ ఏడు వారి చామంతి ఏ నెలలో పూసిందో సెలవివ్వమనండి.”

సభ కుడివైపుకు తిరిగింది. వెంకటరాజుగారు కళ్లజోడు సవరించుకున్నారు.

“ఏమయ్యా దొరబాబూ, మీ అన్నయ్యగారు ఏదో అడుగుతున్నారు.”

దొరబాబు లేచి నిలబడ్డాడు. పెళ్లి పంక్తిలోని వెటకారం అతని ముఖంలో లేదు. ఏదో మతలబు ఉన్నదేమోనని గొడుగు వైపు చూస్తూ, ఎరువుల ధర అడిగితే చెప్పినంత మామూలుగా చెప్పాడు.

“చామంతి మాకు అచ్చిరాలేదండి. ఆ నేల చెక్క అంతా జూన్‌లోనే తీసేసి క్రోటన్లు వేశాం.”

క్రోటను మొక్కకు రాత్రి దీపంతో పని లేదు. దాన్ని జనం కొనేది ఆకు కోసం.